ఆ అమ్మకు కుక్కర్ లేదా?

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. శ్రీసత్యసాయి జిల్లాలో, అంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో, అక్కడి కథలు పడకవేళ పిల్లల చేతికి చిక్కితే ఇంకో దారి పడతాయి.

వీరభద్రాలయంలో శివలింగానికి పడగపట్టిన పెద్ద రాతి నాగుపాము ఉంది. తల్లి వంట ముగించేలోగా శిల్పులు దాన్ని చెక్కేశారని చెప్పుకుంటారు. అవ్వ చెప్పేది ఉలి నేర్పు గురించి. నాలుగేళ్ల మనవడి ధ్యాసంతా పొయ్యి మీద: "అంతసేపా? ఆ అమ్మకు కుక్కర్ లేదా?" రావణుడు జటాయువు రెక్క నరికాడనగానే, "ఆస్పత్రికి తీసుకుపోలేదా?" సీతమ్మ పాదమని చూపించే పెద్ద గుర్తును చూసొచ్చిన పిల్లకైతే, ఆ కాలికి చెప్పులు ఎక్కడ దొరుకుతాయన్నదే బెంగ.

నవ్వొస్తుంది కానీ, న్యాయమైన ప్రశ్నలే!

చిన్నపిల్లలు ప్రాణంలేని వస్తువులకూ ప్రాణం ఉందనుకుంటారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1920లలోనే రాశాడు. అందుకే 27 అడుగుల పొడవైన లేపాక్షి నంది రాత్రిపూట మేతకు పోతుందా అని అడగడం వాళ్లకు వింతకాదు.

ఈ రాత్రి మీ ఇంట్లో అలాంటి ప్రశ్న వస్తే కసరకండి. జవాబు తోచకపోతే, "నువ్వేమనుకుంటున్నావు?" అని తిరిగి అడగండి.