పెట్టెలో వచ్చిన ట్రాక్టరు

(వాల్డార్ఫ్‌లో తెలుగు కుటుంబాల ఉగాది కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



వాల్డార్ఫ్‌లో ఉంటానని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ మాడ్యూలు?" అని. ఈ ఊరి పేరు వింటే శాప్ కంపెనీ తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు మరి. ఇరవై యేళ్ళ పైనుంచీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పి చెప్పి అలిసిపోయాను. అందుకని ఈసారి ఏదైనా మాట్లాడమని నిర్వాహకులు అడిగితే, నాలుగు చక్రాలూ మూడు సిలిండర్లూ ఉన్న మాడ్యూలు గురించయితే మాట్లాడతానన్నాను. నవ్వి, సరే కానివ్వమన్నారు. భోజనాలకి ముందు మాట్లాడేవాడికి ఉండే భయం నాకూ ఉంది కనుక సూటిగానే చెబుతాను.

అద్దాల మేడలు దాటి కాస్త నడిస్తే ఈ ఊళ్ళో అంతా ఇసుక నేల. ఏప్రిల్ వచ్చిందంటే తెల్ల ఆస్పరాగస్ బోదెలు, వాటి మీద ప్లాస్టిక్ పట్టాలు. మొదటిసారి చూసినప్పుడు నాకు దుగ్గిరాల వైపు పసుపు చేలు గుర్తొచ్చాయి. ఇక ట్రాక్టరు పిచ్చి ఉన్నవాడికయితే ఈ చుట్టుపక్కల ప్రాంతమంతా పుణ్యక్షేత్రమే. ఇక్కడికి అరగంట దూరంలో మాన్‌హైమ్‌లో 1921లో లాంజ్ కంపెనీవారు, ఫ్రిట్జ్ హూబర్ అనే ఇంజనీరు రూపొందించిన 'బుల్‌డాగ్' ట్రాక్టరు తెచ్చారు. ఒకే ఒక్క సిలిండరు, పన్నెండు హార్స్ పవర్. బ్లో ల్యాంపుతో దాని మూతి ఎర్రగా కాలిస్తే తప్ప స్టార్టయ్యేది కాదు. స్టార్టయితే మాత్రం దొరికిన నూనె ఏది పోసినా తాగి పనిచేసేది. 1956లో ఆ కంపెనీని అమెరికా జాన్ డీర్ వారు తీసుకున్నారు. మన దేశంలో తయారైన తొలి ట్రాక్టరుకీ జర్మనీ చుట్టరికం ఉంది. 1959లో ఫరీదాబాద్‌లో బయటికొచ్చిన ఐషర్, బవేరియాలోని ఐషర్ వారి సహకారంతో చేసిందే. చైనావాళ్ళేమో 1958లో లోయాంగ్‌లో సోవియట్ నమూనా చూసి తమ మొదటి ట్రాక్టరు చేసుకున్నారు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవడమే ఈ విద్య. చైనా సరుకు అనగానే మూతి విరిచేవారి కోసం ఈ మాట ముందుగా చెబుతున్నాను.

2007లో వీస్‌లోఖ్ దాటాక వచ్చే గుట్టల మీద అర హెక్టారు పళ్ళతోట కౌలుకి తీసుకున్నాను. మన లెక్కలో దాదాపు ఎకరం పాతిక సెంట్లు. ఆపిల్, రేగు జాతి పళ్ళు, మోకాలెత్తు గడ్డి. "వీకెండ్‌లో పిల్లలతో గడపమంటే పొలం పట్టావా" అని మా ఆవిడ అంది. ఆవిడ మాటకి ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. చేత్తో నడిపే యంత్రంతో ఆ వాలు మీద గడ్డి కోస్తే రెండు శనివారాలకి నడుం పట్టేసింది. ట్రాక్టరు కావాలి. ఇక్కడి పేరున్న కంపెనీల చిన్న ట్రాక్టర్ల ధర వింటే కారు కొనుక్కోవడమే మేలనిపించింది. అప్పుడు కంటపడింది చైనా ట్రాక్టరు. కొత్తది, పాతిక హార్స్ పవర్, నాలుగు చక్రాలకీ పట్టు, ధర మూడో వంతు. కంపెనీ పేరూ అమ్మినవాళ్ళ పేరూ చెప్పను, అడగొద్దు.

వాళ్ళ నెంబర్లలో ఒక సులువుంది. 254 అని రాసి ఉంటే మొదటి రెండంకెలూ హార్స్ పవర్, చివరి 4 అంటే నాలుగు చక్రాలూ తిరుగుతాయని. 250 అయితే వెనక చక్రాలే. ఈ మాత్రం తెలిస్తే సగం కేటలాగు చదివేసినట్టే. జిన్‌మా అని, అంటే బంగారు గుర్రమట, ఆ పేరుతో అమెరికాకి బోలెడు వెళ్ళాయి. ఆ గుర్రాన్ని తయారుచేసే కంపెనీలో మన మహీంద్రా వారికి 2009 నుంచి కొన్నేళ్ళు సగానికి పైగా వాటా ఉండేది. 2017లో అమ్మేసుకున్నారు.

ట్రాక్టరు లారీ మీద వచ్చింది. ట్రాక్టరు వచ్చిందంటే తోలుకుంటూ వచ్చారనుకునేరు. ఇనప కమ్మీల పెట్టెలో వచ్చింది. చక్రాలు విడిగా, స్టీరింగు విడిగా, సైలెన్సరు విడిగా, యాసిడ్ పోయని బ్యాటరీ, గుడ్డసంచుల్లో నట్లు, ఇంకా ఒక పుస్తకం. ఆ పుస్తకంలో ఇంగ్లీషు చదివాక, నేను కొత్తలో జర్మన్‌లో రాసిన ఉత్తరాలు చదివి ఇక్కడివాళ్ళు ఏమనుకుని ఉంటారో అర్థమైంది.

నా అదృష్టం మా పక్కింటి పెద్దాయన. మాన్‌హైమ్ ట్రాక్టరు ఫ్యాక్టరీలో ముప్ఫై యేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. పెట్టె ఆయన షెడ్డులోనే దింపించాం. చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇది ట్రాక్టరు కాదు, ట్రాక్టరు కాదగిన ఇనుము" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు కోపం తెప్పించింది. నాలుగు శనివారాలు ఆయన పక్కన పానాలు పట్టుకున్నాక తెలిసింది, ఆయన తిట్టలేదు, కొలత చెప్పారంతే.

ముందు నూనెలన్నీ తీసేయించారు. ఇంజనులో, గేరుబాక్సులో, హైడ్రాలిక్ ట్యాంకులో ఫ్యాక్టరీవాళ్ళు పోసిన నూనె ప్రయాణంలో తుప్పు పట్టకుండా ఉండడానికే, దాంతో పని చేయించకూడదన్నారు. గేరుబాక్సు అడుగున వేలు పెట్టి తీస్తే బూడిదరంగు బురద. అందులో సన్నటి ఇసుక! ఇనుము పోత పోసేటప్పుడు అచ్చులో వాడే ఇసుక, సరిగ్గా కడక్కపోతే మూలల్లో ఉండిపోతుంది. అది గేర్ల మధ్య తిరిగితే గంధం అరగదీసినట్టు అరగదీస్తుంది. డీజిలు పోసి మూడుసార్లు కడిగాం. ఇంధనం వెళ్ళే రబ్బరు గొట్టాలు అప్పుడే బీటలు వారి ఉన్నాయి, మార్చాం. గాలి వడపోసే డబ్బాలో అడుగున నూనె ఉండాలి, దుమ్ము ఆ నూనెకి అంటుకుంటుంది. అది పొడిగా వచ్చింది. చూసుకోకుండా స్టార్టు చేసి ఉంటే తోటలో దుమ్మంతా సిలిండర్లలోకి పోయేది. యాభై గంటలు నడిచాక హెడ్డు బోల్టులు మళ్ళీ బిగించాలని, వాల్వుల సందు చూసుకోవాలని ఒక అట్టముక్క మీద రాసి గోడకి కొట్టారు. ఆ అట్ట ఇంకా ఉంది.

చివరికి మిగిలింది రోల్ బార్. సీటు వెనక నిలబడే ఇనప కమాను. దానికి పరీక్ష చేసినట్టు గుర్తుగా చిన్న రేకు ఉంది. బాగానే ఉంది. దాన్ని ఇరుసు పెట్టెకి పట్టి ఉంచే ఎనిమిది బోల్టుల సంచీ మాత్రం చిరిగి ఉంది, లోపల అయిదే ఉన్నాయి. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే వారంలో ఎనిమిదీ పంపారు. నేను సంతోషంగా బిగించబోతుంటే పెద్దాయన ఒక బోల్టు తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దాని తల చూశారు. నున్నగా ఉంది, ఏ అంకే లేదు. టేబుల్ మీద పెట్టేసి, "ఇవి మీ గార్డెన్ గేటుకి వాడుకోండి" అన్నారు.

బోల్టు తల మీద 8.8 అని ఉంటే మొదటి ఎనిమిదిని వందతో గుణించాలి. ఎనిమిది వందల మెగాపాస్కల్ దగ్గర తెగుతుంది. రెండో ఎనిమిది అర్థం, అందులో పదికి ఎనిమిది వంతుల దగ్గరే సాగడం మొదలవుతుందని. 4.6 అయితే తెగే బలం సగం, సాగే బలం ఇంకా తక్కువ. అసలు అంకే లేకపోతే మనకేం తెలీదన్నమాట. రెండు బోల్టులూ చూడడానికి కవల పిల్లల్లాగే ఉంటాయి.

అప్పటికి సాయంత్రం అయింది. తోటలో గడ్డి నడుం దాకా పెరిగిపోయింది. "ఈ వారానికి వీటితో కానిద్దాం, వచ్చేవారం మారుద్దాం" అన్నాను. ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయారు. నా ట్రాక్టరు, నా డబ్బు, ఆయన జేబులో తాళం! ఇంటికొచ్చి చాలాసేపు గొణుక్కున్నాను. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చాడు మా బాబాయి.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. 1986 సార్వాకి మా పల్లం చేలో దమ్ము చేస్తున్నారు. అద్దె ట్రాక్టరు, వెనక ఇనప చక్రాలు. ఒక మూల చక్రాలు దిగబడిపోయాయి. డ్రైవరు టీకి వెళ్తే బాబాయి ఎక్కాడు. చక్రాలకి అడ్డంగా తాటి దుంగ కట్టించి ఒక్కసారిగా రెయిజ్ చేశాడు. నేను గట్టు మీద ఉన్నాను, పన్నెండేళ్ళవాణ్ణి. ముందు చక్రాలు లేవడం చూశాను. తర్వాత ఏం జరిగిందో చూసినట్టు నాకు గుర్తు లేదు. అంత తొందరగా అయిపోయింది.

ఎందుకలా అవుతుందో ఇంజనీరింగ్ చదివాక కూడా నేను ఆలోచించలేదు. పెద్దాయనే చెప్పారు, తర్వాతి వారం. ఇంజను చక్రాన్ని తిప్పాలని చూస్తుంది. చక్రం కదలడానికి వీల్లేకపోతే చక్రం చుట్టూ ట్రాక్టరే తిరుగుతుంది. ముందు చక్రాలు లేచిన దగ్గర్నుంచి వెల్లకిలా పడడానికి సెకనున్నర పట్టవచ్చు. అందులో సగం కాలం గడిచేసరికే ఇక వెనక్కి తెచ్చే వీలుండదు. మనిషికి భయం తెలిసి, కాలు క్లచ్చి మీదికి వెళ్ళేసరికి ఆ సగం అయిపోతుంది. అందుకే నైపుణ్యం మీద ఆధారపడకుండా కమాను పెట్టారు. 1959లో స్వీడన్ వాళ్ళు కొత్త ట్రాక్టర్లకి ఇది తప్పనిసరి చేశారు. జర్మనీలో 1970 నుంచి. మా బాబాయి పోయింది ఆ తర్వాత పదహారేళ్ళకి.

8.8 బోల్టులు ఎనిమిదీ కలిపి ఒక పిజ్జా ఖరీదు. టార్క్ రెంచితో ఆయనే బిగించి, ఒక్కోదాని మీద తెల్ల పెయింటుతో గీత గీశారు, వదులైతే గీత తప్పుతుందని. అప్పుడు తాళం ఇచ్చారు.

ఒక్క విషయం. కమాను ఉన్న ట్రాక్టరుకి సీటు బెల్టు పెట్టుకుని తీరాలి, లేకపోతే మనిషి బయటికి జారి ఆ కమాను కిందే పడతాడు. కమాను మడిచి ఉన్నప్పుడూ, అసలు లేనప్పుడూ బెల్టు పెట్టుకోకూడదు. ఇంకోటి, కమాను కాపాడేది సీట్లో ఉన్న ఒక్కణ్ణే. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్ళే. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడానికి ఏ బోల్టూ పనికిరాదు.

మీలో కొందరు కొనాలనుకుంటున్నారని తెలుసు. ఇప్పుడు యూరప్‌లో నేను కొన్నంత సులువు కాదు. 2019 నుంచి చిన్న ఇంజన్లకీ స్టేజ్ ఫైవ్ పొగ నిబంధనలు వచ్చాయి. రోడ్డెక్కించాలంటే ఆమోదం కాగితాలు ఉండాలి, అవి లేనిదే డబ్బు కట్టకండి. ఇంటికి పవర్ టిల్లరు కొనిపెట్టాలనుకునేవాళ్ళకి, 2020 జూలైలో మన ప్రభుత్వం టిల్లర్ల దిగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. ఈలోగా కొన్న చైనా టిల్లర్లకి విడిభాగాలు ఎవరిస్తారో ముందు కనుక్కోండి. నాట్ల కాలంలో పది రోజులు ఆగిపోయిన చవక బండి కంటే ఖరీదైనది లేదు.

నా ట్రాక్టరు ఇంకా నడుస్తోంది. హైడ్రాలిక్ పంపు ఒకసారి, స్టార్టరు రెండుసార్లు మార్చాను. పెద్దాయన ఇప్పుడు లేరు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. మా తమ్ముడు కొబ్బరితోటలో కోకో వేశాడు, దానికోసం చిన్న ట్రాక్టరు కొన్నాడు. వచ్చేటప్పుడే కమానుతో వచ్చిందని ఫోన్లో చెబితే ఎంతో సంతోషించాను. వెళ్ళి చూస్తే ట్రాక్టరు మీద కమాను లేదు.

"ఏరా, ఏదిరా అది?"

"కోకో కొమ్మలకి తగుల్తోందన్నయ్యా. మడిచినా తగుల్తోంది. తీసేశాం."

పశువుల పాకలో ఉంది. దానిమీద పిన్ని చీర ఆరేసి ఉంది. పిన్ని అంటే బాబాయి భార్య, ఇప్పుడు తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఆ కమాను దేనికో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. చీర తీసి మడత పెట్టుకుని లోపలికి వెళ్ళింది, ఏమీ అనలేదు. కాసేపటికి తమ్ముడు తనే కత్తి తీసుకుని తోటలోకి వెళ్ళి, ట్రాక్టరు తిరిగే వరసల్లో కిందికి వాలిన కొమ్మలు కొట్టడం మొదలుపెట్టాడు. చీకటి పడేలోగా ఇద్దరం కమాను బిగించాం. పాత బోల్టులు ఎక్కడ పడేశాడో దొరకలేదు. నా సూట్‌కేసులో ఎనిమిది ఉన్నాయి, ఎందుకైనా మంచిదని వాల్డార్ఫ్‌లో కొనుక్కెళ్ళాను. నాలుగే పట్టాయి. మిగతా నాలుగూ తమ్ముడు అడిగి తీసుకున్నాడు, పక్కచేను వాళ్ళది కూడా పాకలోనే ఉందట.