పెద్దల ఆరోగ్యం – ఇరుగుపొరుగు



వ్యవసాయాధికారి మాట్లాడతాడంటే ఎరువుల సంగతో, పురుగుల సంగతో చెబుతాడనుకుంటారు. ఈ పూట ఆ రెండూ చెప్పబోవడం లేదు. మన యిళ్లలో వున్న ముసలివాళ్ల ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. ఇది వ్యవసాయం కాదు గదా అనకండి. విత్తనం ఎంత మంచిదైనా నేల, నీరు సరిగా లేకపోతే పంట చేతికి రాదని మనకు తెలుసు. పెద్దల ఆరోగ్యమూ అంతే. డాక్టరు యిచ్చే మందులు విత్తనం వంటివి. వీధి, నీరు, నీడ, ఇరుగుపొరుగు – ఇవి నేల వంటివి. నేల సంగతి మరచిపోయి మందుల మీదనే ఖర్చు పెడుతున్నాం.

ముందుగా మా యింటి సంగతే చెబుతాను. మాది కొల్లేటి అంచున వున్న వూరు. మా తాతయ్యకు రెండెకరాల వరిచేను వుండేది. డెబ్బయి దాటినా ఆయన తెల్లవారకముందే లేచి, గట్ల మీద నడిచి, బోదెలో నీరు చూసి, పిట్టలను తోలి, దారిలో పదిమందిని పలకరించి యింటికి వచ్చేవారు. సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుంటే పక్క యిళ్ల పెద్దలందరూ చేరేవారు. 2014లో ఆ చేను చేపల చెరువుకు కవులుకు యిచ్చాం. సొమ్ము బాగానే వచ్చింది. చెరువుకు కాపలావాడు వున్నాడు, మేత వేసేవాడు వున్నాడు. తాతయ్యకు మాత్రం పని లేకుండా పోయింది. ఆ లెక్క మేమెవరం వేయలేదు.

2016లో యిల్లు బాగుచేయించాం. వీధి అరుగు కొట్టేసి, ప్రహరీ కట్టి, యినుప గేటు పెట్టి, మోటారుసైకిలు ఎక్కించడానికి నున్నటి సిమెంటు వాలు పోయించాం. ఆ ఆలోచన నాదే. అప్పుడే ఉద్యోగంలో చేరాను. యిల్లు గొప్పగా కనబడాలని నా సరదా. అరుగు లేకపోయేసరికి పెద్దలు రావడం మానేశారు. గేటు తీసుకుని లోపలికి రావడానికి వాళ్లకు మొహమాటం. తాతయ్య గదిలోనే వుండిపోయారు. తిండి తగ్గింది, కాళ్లలో బలం తగ్గింది. రెండేళ్లకు ఒక వానరోజున ఆ వాలు మీదనే జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు.

ఆపరేషను చేసిన డాక్టరుగారు ఎముక సంగతంతా చెప్పి, చివరకు రెండు ప్రశ్నలు వేశారు. "ఈయన రోజూ ఎంత దూరం నడుస్తారండీ? ఎవరితో మాట్లాడుతుంటారు?" మా యింట్లో ఒక్కరికీ జవాబు తెలియలేదు. ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువు వేశామో చెప్పగలను. తాతయ్య ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పలేకపోయాను.

సోదరులారా, దీనికి కారణం చూద్దాం. వయసు మీద పడ్డకొద్దీ కండ తగ్గుతుంది. వాడకపోతే యింకా త్వరగా తగ్గుతుంది. అరవై అయిదు దాటినవారిలో ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు ఏడాదిలో ఒకసారైనా పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సంస్థే యీ వయసువారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలనీ, వారంలో మూడు రోజులు కాళ్ల నిలకడ పెంచే పనులు కూడా చేయాలనీ చెబుతున్నది. గట్టు మీద నడిచే రైతుకు యిది వేరే చెప్పనక్కరలేదు. గట్టు పోయినవాడికి చెప్పాలి.

రెండవది మాటామంతీ. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, దానివల్ల ఏటా సుమారు 8,71,000 మరణాలు కలుగుతున్నాయనీ ఆ సంస్థ 2025లో ప్రకటించింది. ఒంటరితనం గుండెకు, మెదడుకు కూడా చేటు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో రోసెటో అనే చిన్న వూరు వున్నది. ఇటలీ నుండి వలస వెళ్లినవారి వూరు. అక్కడివారు కొవ్వు తినేవారు, పొగ తాగేవారు. అయినా 1950, 60 ప్రాంతాలలో గుండెజబ్బుతో పోయేవారు పక్క వూరికన్నా తక్కువ. మూడు తరాలు ఒక యింట్లో వుండడం, సాయంత్రం వీధిలో కలుసుకోవడం, కష్టానికి ఒకరికొకరు రావడం – పరిశోధకులకు కనబడిన తేడా యిదే. తరువాత పిల్లలు విడివిడిగా పెద్ద యిళ్లు కట్టుకుని, కంచెలు వేసుకున్నారు. గుండెజబ్బులు పక్క వూరితో సమానంగా పెరిగాయి. మా యింటి గేటు సంగతి విన్నారు గదా, వాళ్ల కథ మనకు కొత్త కాదు.

ఇక మన ప్రాంతం చూడండి. తాడేపల్లిగూడెంలో ఉల్లి మార్కెట్టు లారీల మధ్య రోడ్డు దాటడం పడుచువాళ్లకే కష్టం. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో వుంటే తల్లిదండ్రులు మూడో అంతస్తులో తలుపు వేసుకుని వుంటున్నారు. ఏలూరులో 2020 డిసెంబరులో ఏం జరిగిందో మనం మరచిపోలేదు. ఆరువందల మందికి పైగా మూర్ఛతో, వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల మీదకూడా నిపుణుల అనుమానం వెళ్లింది. నీరు, గాలి ఏ ఒక్క యింటి సొత్తూ కాదని ఆ వారం నేర్పింది. కాబట్టి మందు కొట్టిన పంపును కాలువలో కడగకండి. ఖాళీ డబ్బాలను చెరువులో పారేయకండి.

కొల్లేటి లంకలలో యిబ్బంది వేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతా ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. ఎండాకాలంలో అదే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నుతుంది. అప్పుడు మంచినీళ్లు కొనుక్కోవాలి. కొన్న నీళ్లు గదా అని ముసలమ్మలు పొదుపుగా తాగుతారు. పెద్దవయసులో దాహం సరిగా తెలియదు కూడాను. 2015 మేలో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. నీళ్ల దగ్గర పెద్దలు పొదుపు చేయకుండా చూడవలసింది మనమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కొల్లేరు నిండి దారుల మీదకు నీరు వచ్చింది. అటువంటప్పుడు బి.పి. మాత్రలు అయిపోయిన ముసలాయన సంగతి ముందు తెలిసేది పక్క యింటివాడికే.

ప్రభుత్వం 2024 జూలై నుండి నాలుగు వేల రూపాయల పింఛను నెల మొదట్లో యింటికే తెచ్చి యిస్తున్నది. చాలా మంచి పని. ఆ ఒక్క రోజు తలుపు తట్టేవారున్నారు. మిగతా యిరవైతొమ్మిది రోజులు ఎవరు తడతారు? అది మన వంతు.

మరి ఏం చేయాలి? పెద్ద ఖర్చు లేని అయిదు పనులు చెబుతాను.

ఒకటి: యిల్లు కట్టేవారు వీధివైపు అరుగు వుంచండి. మెట్లు, వాలు గరుకుగా వుంచి, పక్కన పట్టుకోను కమ్మీ పెట్టించండి.

రెండు: వీధి కాలువల మీద విరిగిన పలకలు మార్పించండి, దీపాలు వెలిగేటట్లు చూడండి. గుడికి, టీకొట్టుకు పోయే దారిలో అక్కడక్కడ ఒక సిమెంటు బల్ల, దాని పక్కన ఒక వేపమొక్కో కానుగమొక్కో వుంటే ముసలివారు ఆగి ఆగి నడుస్తారు. గ్రామసభలో యీ మాట అడగండి.

మూడు: చేను చెరువైపోయినా పెద్దలకు పని వుంచండి. పెరటి కూరపాదులు, విత్తనం ఏరడం, వల అల్లడం, మేకపిల్లను చూడడం – శక్తికి తగిన పని. "నువ్వు కూర్చో తాతయ్యా" అనడం ప్రేమే గానీ, రోజూ కూర్చోబెడితే కీడు.

నాలుగు: వీధికి ఒక పుస్తకం పెట్టి, ఒంటరిగా వున్న పెద్దల పేర్లు, వాడే మందులు, పిల్లల ఫోను నంబర్లు రాయండి. వాన హెచ్చరిక రాగానే ముందు వాళ్ల యింటికి వెళ్లండి. ఎవరూ లేనివారికి, బాధలో వున్నవారికి పెద్దల సహాయ నంబరు 14567. డబ్బు లేకుండా ఫోను చేయవచ్చు.

అయిదు: విస్తరణ మిత్రులకు నా మనవి. రైతు సేవా కేంద్రంలో సమావేశం పెట్టినప్పుడు పెద్దలను కూడా పిలవండి, వెనక వరుసలో కాదు, ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. ఏ బోదె ఏ ఏడు పొంగిందో, ఏ మెరక ఎప్పుడు మునిగిందో చెప్పగలవారు వాళ్లే. అడిగితే వాళ్లకు ఆరోగ్యం, మనకు జ్ఞానం.

చివరగా తాతయ్య సంగతి. ఆస్పత్రి నుండి వచ్చిన నెలలోనే ఆ వాలు కొట్టించి, గేటు బయట మళ్లీ అరుగు కట్టించాను. మొదటి సాయంత్రం ఒక్కరు వచ్చారు, వారం తిరిగేసరికి నలుగురయ్యారు. తాతయ్య ఆ తరువాత మూడేళ్లు బతికారు. చేతికర్ర వదలలేదు, పూర్వపు నడక రాలేదు. కానీ మాట తిరిగి వచ్చింది, అన్నం తిన్నారు, రాత్రి నిద్రపోయారు. అరుగుకు పట్టిన ఖర్చు ఆపరేషను ఖర్చులో వీసమెత్తు. ఆ అరుగు తీయకుండా వుంటే బహుశా ఆ ఖర్చూ వుండేది కాదు.

మీ యింట్లో పెద్దలు వుంటే ఈ సాయంత్రం ఆ డాక్టరుగారి ప్రశ్నలే వేసి చూడండి. ఇవాళ ఎంత దూరం నడిచారు? ఎవరితో మాట్లాడారు? జవాబు తెలియకపోతే పని అక్కడే మొదలుపెట్టండి.