ఇంటి ఇంటర్నెట్టుకు సీలు కవరు
(మా సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



"మీ ఇంట్లో పెట్టించుకున్న ఆ వీపీఎన్ గురించి పది నిముషాలు చెప్పండి" అని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నేను ఇంజనీరును కాను. సర్వీసులో అధికభాగం టపాలు పంపే సెక్షనులో గడిపిన గుమాస్తాను. కనుక నాకు తెలిసిన భాషలోనే చెబుతాను.

మాది మాదన్నపేట. తానీషా గారి మంత్రి మాదన్న పేరు మీద వెలసిందని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు అందరికీ తెలిసింది మాత్రం కూరగాయల మండీయే. ఇంట్లో నేను, మా ఆవిడ, ఇద్దరమే. అబ్బాయి అమెరికాలో ఉంటాడు. పోయిన ఏడాది నేను మండీకి వెళ్లిన వేళ మా ఆవిడ స్నానాలగది గుమ్మంలో జారి పడింది. నేను వచ్చేదాకా ముప్పావు గంట అలాగే పడి ఉంది. ఎముక విరగకపోవడం మా అదృష్టం.

సంగతి తెలిసి అబ్బాయి "హాల్లో ఒక కెమెరా పెడదాం నాన్నా" అన్నాడు. డెబ్బై దాటాక కొడుకు చేత కాపలా పెట్టించుకోవడమా అని రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి పడకగది వైపు తిప్పకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాను. కానీ ఆ కెమెరా బొమ్మ అమెరికా దాకా వెళ్లాలంటే రౌటరులో ఒక తలుపు తెరిచి పెట్టాలిట. ఆ తలుపు మా వాడొక్కడే కాదు, లోకంలో ఎవరైనా తట్టవచ్చు. అది వద్దు, రౌటరులోనే వీపీఎన్ పెట్టించండి అన్నాడు.

ఇది ఏమిటో అర్థం కావడానికి నాకు వారం పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. మనం చేసిన పనే! రహస్య పత్రాలను రెండు కవర్లలో పంపేవాళ్లం గుర్తుందా? లోపలి కవరు మీద అసలు చిరునామా, 'రహస్యం' అన్న ముద్ర, లక్క సీలు. పైకవరు మామూలుది, దాని మీద ఆఫీసు చిరునామా మాత్రమే. దారిలో తపాలా వాడికి కనిపించేది పైకవరే. వీపీఎన్ చేసేది అంతే. మా వాడి ఫోను ప్రతి ఉత్తరాన్నీ సీలు వేసి, పైన మా రౌటరు చిరునామా రాసి పంపుతుంది. ఫలానా చోటి నుంచి మాదన్నపేటకు ఒక కవరు పోతోందని నడుమ ఉన్న కంపెనీలకు తెలుస్తుంది, లోపల ఏముందో తెలియదు. రౌటరు పైకవరు విప్పి లోపలిది కెమెరాకు అందిస్తుంది.

సరే, పెట్టేదెవరు? ఇక్కడే నేను మోసపోబోయాను. ఇంటర్నెట్టు కంపెనీ పేరు కొట్టి, పక్కన 'కస్టమర్ కేర్' అని ఫోనులో వెతికాను. మొదట కనిపించిన నంబరుకు చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, నేనే ఇక్కడి నుంచి చేసి పెడతాను, ఈ యాప్ వేసుకుని తెర మీద వచ్చే అంకెలు చదవండి" అన్నాడు. చదివాను. తరువాత "పది రూపాయలు రిజిస్ట్రేషను కట్టండి" అన్నాడు. బ్యాంకు యాప్ తెరవబోతుంటే మంచం మీద నుంచి మా ఆవిడ, "ఏమండీ, పది రూపాయలకి ఆయనకి మన ఫోనంతా ఎందుకు కనబడాలి?" అంది. వెంటనే ఫోను ఆపేశాను. ఆ నంబరు కంపెనీది కాదు. 1930కి చేసి చెప్పాను. ఆ యాప్ తీసేయించి, మర్నాడు బ్యాంకుకు పోయి పిన్ను మార్చాను. పెన్షను డబ్బు పోలేదు గాని, ఆ రాత్రి నిద్ర పోయింది.

చివరకు సాయం చేసింది మా గల్లీ చివరి మొబైల్ దుకాణం కుర్రాడు. నన్ను చాచా అంటాడు. రెండు సాయంత్రాలు దుకాణం మూశాక వచ్చాడు. ముందుగా రౌటరు పాస్‌వర్డు అడిగాడు. పెట్టె అడుగున అచ్చు వేసినదే, ఎన్నడూ మార్చలేదు. "ముందు ఇది మార్చండి చాచా, నాకు కూడా చెప్పకండి" అని మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

తరువాత అసలు చిక్కు తేలింది. మా రౌటరుకు కంపెనీ ఇచ్చిన చిరునామా 100.64తో మొదలవుతోంది. ప్రపంచంలో పాత పద్ధతి ఇంటర్నెట్టు చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లే. అవి చాలక కంపెనీలు ఒక్క చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతాయి. మన ఆఫీసు టెలిఫోను ఎక్స్‌టెన్షను లాంటిదన్నమాట. లోపలి నుంచి బయటికి మాట్లాడవచ్చు, బయటివాడు తిన్నగా మన బల్ల మీది ఫోనుకు చేయలేడు. కంపెనీకి అర్జీ పెట్టి, అదనపు రుసుము కట్టి, మాకంటూ ఒక స్థిరమైన చిరునామా తీసుకున్నాం. ఈ సంగతి ముందు కనుక్కోకుండా రౌటరు కొంటే డబ్బు దండగ.

కంపెనీ పెట్టెలో వీపీఎన్ సదుపాయం లేదు. నా దగ్గరున్న పాత రౌటరులో పీపీటీపీ అనే పద్ధతి ఉంది గాని, 1990లలో వచ్చిన ఆ తాళం ఎప్పుడో బలహీనమైపోయిందని కుర్రాడు వద్దన్నాడు. వైర్‌గార్డ్ అనేది ఉన్న కొత్త రౌటరు తెప్పించాం. 2020లో లినక్సు లోపలే చేర్చిన పద్ధతి ఇది. ఇందులో ప్రతి ఫోనుకూ తాళంచెవుల జత ఉంటుంది, ఒక్కొక్కటి 44 అక్షరాలు. ఒకటి అవతలివారికి ఇచ్చేది, ఒకటి ఎవరికీ ఇవ్వకూడనిది. అబ్బాయి తన జతను తన ఫోనులోనే తయారు చేసుకుని, ఇవ్వదగ్గది మాత్రమే మాకు పంపాడు. రేపు ఆ ఫోను పోతే వాడి పేరు రౌటరులో కొట్టేస్తే సరి, మిగతావేవీ మార్చనక్కరలేదు.

ఇది చట్టవిరుద్ధమా అని నిన్న ఒక మిత్రుడు అడిగారు. మన దేశంలో వీపీఎన్ వాడటమే నేరమన్న చట్టం లేదు. కొన్ని సరిహద్దు జిల్లాలలో అధికారులు అప్పుడప్పుడు నిషేధించిన మాట నిజమే. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశాలు మాత్రం వీపీఎన్ సేవను అమ్మే కంపెనీలకు. వాడుకదారుల వివరాలు ఐదేళ్లు దాచాలని అందులో ఉంది. ఆ అమ్మే రకం వేరు. అందులో మన కవరు ముందు వారి ఆఫీసుకు పోయి అక్కడ తెరుచుకుంటుంది. ఊరూ పేరూ లేని ఉచిత వీపీఎన్ అంటే, సీలు కవరు తెలియని వాడి చేతికి ఇచ్చి విప్పమన్నట్టే.

ఇంకొక మాట. కవరుకు సీలున్నంత మాత్రాన లోపలి కాగితం నిజమైపోదు. దొంగ లింకు నొక్కితే వీపీఎన్ ఆపదు. ఆ కస్టమర్ కేర్ పెద్దమనిషినీ ఆపి ఉండేది కాదు.

ఇప్పుడు అబ్బాయి రాత్రి పడుకోబోయే ముందు, మాకు తెల్లవారే వేళ, ఒకసారి హాలు చూస్తాడు. మా ఆవిడ కాఫీ గ్లాసుతో కెమెరా వైపు చెయ్యూపి పోతుంది. నేను మాత్రం పేపరు అడ్డం పెట్టుకుంటాను.

చేసిన పని అంతా వరస తప్పకుండా నోటు పుస్తకంలో రాసుకున్నాను, పాత అలవాటు. ఆ పేజీల జిరాక్సులు ఇరవై తెచ్చాను. పాస్‌వర్డు రాసిన పేజీ తప్ప. కావలసినవారు కాఫీ విరామంలో నన్ను అడిగి తీసుకోవచ్చు.

సెలవు.