మడమ నెత్తురు పరీక్ష - రెండవ పిలుపు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట నెత్తురు పరీక్షల మాట ఏమిటని పెద్దలు అనుకోవచ్చును. పచ్చడి పంచే లోపల ముగిస్తాము.

ఇప్పుడు చాలా ఆసుపత్రులలో బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు మడమ మీద గుచ్చి, కొన్ని నెత్తురు చుక్కలు అద్దుడు కాగితం వంటి మందపు కాగితం మీద పట్టి పరీక్షకు పంపుతున్నారు. 1960 ప్రాంతంలో అమెరికాలో రాబర్ట్ గత్రీ అనే వైద్యుడు ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. మనమున్న ఈ కర్ణాటకలోనే 1980వ దశకంలో లక్షమందికి పైగా శిశువులకు ఇటువంటి పరీక్ష జరిగినది. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం మొదటి వారాలలోనే పట్టుబడితే, రోజూ వేసే చిన్న మాత్రతో బిడ్డకు బుద్ధిమాంద్యం రాకుండా కాపాడవచ్చును.

అయితే ఒకనాడు ఫోను వస్తుంది: "అంకె ఎక్కువగా ఉన్నది, బిడ్డను మళ్ళీ తీసుకురండి." అంతే, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. మేనరికం వద్దంటే విన్నారా అని ఒకరు, కోడలి పుట్టింటి వారిలో ఎవరికో ఉండి ఉంటుందని మరొకరు. జబ్బు ఇంకా తేలనేలేదు, నేరం మాత్రం తేలిపోయింది! మేనరికపు సంతానంలో ఇటువంటి కొన్ని జబ్బులు ఎక్కువన్నది నిజమే. అది పెళ్ళికి ముందు అనుకోవలసిన మాట, బాలింత ఎదుట కాదు.

మొదటి పరీక్ష జల్లెడ వంటిది. జబ్బున్న బిడ్డ ఒక్కటీ జారిపోకూడదని దాని కన్నాలు సన్నగా పెడతారు. అందుచేత ఆరోగ్యవంతులు కొందరు అందులో నిలుస్తారు. ఊరికే ఒక లెక్క వేద్దాము. 3,000 మందిలో ఒకరికి వచ్చే జబ్బయితే, 30,000 మందిలో 10 మందికి ఉంటుంది. ఆరోగ్యవంతులలో నూటికి ఒక్కరి విషయంలోనే పరీక్ష పొరబడినా, సుమారు 300 మందికి పిలుపు వస్తుంది. అంటే 310 పిలుపులలో 300 ఉత్తవే.

పొరబాటుకు కారణాలూ ఉన్నవి. పుట్టిన మొదటి రోజున ఏ బిడ్డకైనా టి.ఎస్.హెచ్. పైకి లేచి, తరువాత దిగుతుంది. త్వరగా ఇంటికి పంపాలని ఆ రోజే నెత్తురు తీస్తే అంకె ఎక్కువే కనబడుతుంది. నెలలు నిండని బిడ్డలలో ఎడ్రినల్ గ్రంథి పరీక్ష కూడా ఇలాగే మోసగిస్తుంది.

ఉత్తదే అయి ఉంటుందిలే అని ఇంట్లో కూర్చోరాదు. ఆ పదిమందిలో మన బిడ్డ ఉండవచ్చును. కొన్ని జబ్బులు రోజులలోనే ప్రాణం మీదికి తెస్తాయి. పిలిచిన రోజునే వెళ్ళాలి. తల్లిపాలు మన అంతట మనం మాన్పరాదు. గెలాక్టోసీమియా వంటి అనుమానముంటే మానమని డాక్టరే చెప్తారు.

మన వంటి వలస కుటుంబాలకు ఇంకొక చిక్కు ఉన్నది. కాన్పు పుట్టింట్లో, కాపురం ఇక్కడ. కాగితం మీద తాతగారి ఫోను నంబరు ఉంటుంది. పిలుపు అక్కడికి పోతుంది, బిడ్డ ఇక్కడ ఉంటుంది. కాబట్టి ఆసుపత్రిలో రెండు ఇళ్ళ చిరునామాలూ, రెండు నంబర్లూ వ్రాయించండి. కన్నడంలో మాట్లాడటానికి తోడు కావలసినవారు మన సంఘంలో ఎవరినడిగినా వెంట వస్తారు.