పాపికొండల పడవ, ఒడ్డున ఊళ్లు

గోదావరి మీద పాపికొండల ప్రయాణమంటే పడవలో పాటలు, భోజనం, ఫొటోలేనా? ఒడ్డున ఊళ్లున్నాయి. వాటిలో ఒకటైన పేరంటాలపల్లిలో కొండరెడ్డి గిరిజనులు తమ చేతులతో చేసిన వెదురు వస్తువులు అమ్ముతారు. బేరమాడకుండా కొనండి, ఆ డబ్బు నేరుగా వాళ్ల ఇంటికే చేరుతుంది. వంటకు కూరగాయలు, చేపలు కూడా పడవవాళ్లు ఆ ఊళ్లలోనే కొంటే ఇంకా మేలు. ఆకు విస్తళ్లు వాడితే గోదావరిలో ప్లాస్టిక్ తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, వరదలో పడవ కదపకపోవడం. ఆదాయం పోతుంది, నిజమే. అయినా ఆపాల్సిందే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ వరద గోదావరిలో మునిగి పదుల ప్రాణాలు పోయాయి. ఆ రోజు ఎందరినో నీళ్లలోంచి పైకి లాగి బతికించింది కచ్చులూరు గిరిజనులే, తమ చిన్న పడవల్లో వెళ్లి.