గురక ఆగిన ఆ కాసేపు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిద్రకూ కళ్లకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. నేను డాక్టర్ని కాదు. థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లుగా యంత్రాలు చూసుకుంటున్నవాణ్ణి. కాకపోతే ఈ పాఠం నాకు అనుభవం మీద వచ్చింది. ఫీజు కాస్త ఎక్కువే కట్టాను.

తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు బోర్డు మీద కన్ను బొమ్మ గీసి, కెమెరాతో పోల్చి చెప్పారు. పరీక్షకు ఆ పోలిక చక్కగా సరిపోయింది. కాని కెమెరాకు మూత పెడితే దాని పని అయిపోయినట్టే. కంటికి అలా కాదు. కంటి ముందు అద్దంలా ఉండే కార్నియాలో రక్తనాళాలు ఉండవు. పగలు తనకు కావలసిన ఆక్సిజన్‌ను గాలి నుంచి తీసుకుంటుంది. రాత్రి, మూసిన రెప్ప లోపలి రక్తనాళాల నుంచి తీసుకుంటుంది. లోపలున్న రెటీనా అయితే వెలుతురులో కంటే చీకట్లోనే ఎక్కువ ఆక్సిజన్ వాడుకుంటుంది. అంటే నిద్రలో ఊపిరి సరిగా ఆడకపోతే, అవసరం ఎక్కువగా ఉన్న వేళే సరఫరా తగ్గిపోతుంది. మా ప్లాంటు భాషలో చెప్పాలంటే, పీక్ లోడ్ టైములో యూనిట్ ట్రిప్ అయినట్టు.

ఇక నా సంగతి. నాలుగేళ్ల కిందట, పొద్దున్న లేవగానే ఎడమ కన్ను ఎర్రగా ఉండేది. ఇసుక పడ్డట్టు గరగర. పుసి తీగలా సాగేది. మధ్యాహ్నానికి సర్దుకునేది. బొగ్గు పొడి వల్లేమో అనుకుని మందుల షాపులో చుక్కల మందు కొని వేసుకున్నాను. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి. అలా రెండేళ్లు గడిపాను. బేరింగు ఒక వైపే అరుగుతుంటే ముందు కారణం వెతకండి అని జూనియర్లకు చెప్పేవాణ్ణి, నా కళ్లలో ఒకటే ఎందుకు చెడుతోందని అడుక్కోలేదు.

చివరికి మా ఆవిడ పట్టుబట్టి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఎడమ పైరెప్పను వేలితో కాస్త పైకి లాగగానే అది రబ్బరులా సాగి తిరగబడింది.

“ఏ పక్కకు తిరిగి పడుకుంటారు?”

“ఎడమ పక్కకండీ.”

“గురక పెడతారా?”

కంటికీ గురకకూ ఏం సంబంధమని నాకు నవ్వొచ్చింది. మా ఆవిడ నవ్వలేదు. ఫోను తీసి ఒక రికార్డింగు వినిపించింది.

అది మీలో చాలామంది విన్నదే. మన బ్యాచ్ శ్రీశైలం వెళ్లినప్పుడు సత్రంలో పదిమందిమి ఒకే హాల్లో పడుకున్నాం. మనవాడొకడు నా గురక రికార్డు చేసి, ‘లారీ ఘాటు ఎక్కుతోంది’ అని రాసి గ్రూపులో పెట్టాడు. అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. డాక్టరుగారు మాత్రం గురకను పట్టించుకోలేదు. అది ఆగిన చోట వాచీ చూసుకున్నారు. 18 సెకన్లు ఏ చప్పుడూ లేదు. తర్వాత నీళ్లలో మునిగి తేలినవాడిలా ఒక్కసారి ఊపిరి.

“ఆ కాసేపూ మీకు ఊపిరి ఆడలేదు” అన్నారాయన.

నిద్ర పరీక్షకు పంపించారు. నిద్రలో కనీసం 10 సెకన్లపాటు ఊపిరి ఆగడం, లేదా బాగా తగ్గడం గంటకు ఎన్నిసార్లు జరుగుతోందో లెక్కిస్తారు. 5 లోపు ఉంటే ఫరవాలేదు. 30 దాటితే తీవ్రం. నాది 38. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, రక్తపోటు పెరుగుతుంది. మళ్లీ మొదటికి.

ఇలాంటి వాళ్లలో కొందరికి రెప్ప సాగిపోతుంది. నిద్రలో దిండుకు రాసుకుని తెరుచుకుంటుంది, కన్ను ఎండిపోతుంది. ఈ సాగిన రెప్ప జబ్బును అమెరికాలో ఇద్దరు కంటి వైద్యులు 1981లో వివరించారు. ఆప్నియాకు మాస్కుతో గాలి పంపే చికిత్సను ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ బృందం ప్రచురించిందీ ఆ ఏడాదే. అప్పుడు మనం ఏడో తరగతి. నా కంటి జబ్బు పేరూ, దాని మూలానికి మందూ నాకోసం అప్పటి నుంచే ఎదురుచూస్తున్నాయన్నమాట.

రెప్పతోనే అయిపోతే ఇంత చెప్పేవాణ్ణి కాదు. చూపు పరిధి పరీక్షలో ఎడమ కంటికి ముక్కు వైపు, పైభాగంలో కొన్ని చుక్కలు కనబడలేదు. గ్లాకోమా తొలి దశ అన్నారు. కంటి పీడనం మామూలుగానే ఉంది, దెబ్బతిన్నది నరం. ఆప్నియా ఉన్నవాళ్లలో గ్లాకోమా ఎక్కువగా కనిపిస్తుందట. నాకు దానివల్లే వచ్చిందని డాక్టరుగారు తేల్చి చెప్పలేదు. గురక పెట్టే ప్రతివారికీ వస్తుందనీ కాదు. కాని పోయిన ఆ ముక్క చూపు తిరిగి రాదని మాత్రం తేల్చి చెప్పారు. నేను చుక్కల మందులు మారుస్తూ పోగొట్టుకున్న రెండేళ్లు అప్పుడు గుర్తొచ్చాయి.

ఇప్పుడు రోజూ రాత్రి మాస్కు పెట్టుకునే పడుకుంటున్నాను. దాని గాలి పీడనాన్ని నీటి మట్టం సెంటీమీటర్లలో కొలుస్తారు. బాయిలరు ఫ్యాన్ల దగ్గర మేమూ అలాగే నీటి మట్టంలో కొలుస్తాం కాబట్టి యంత్రంతో తొందరగానే స్నేహం కుదిరింది. మొదటి వారం మాస్కు పైఅంచు నుంచి గాలి కారి కళ్లు ఇంకా ఎండాయి. పట్టీ సరిచేశాక తగ్గింది. నెల తిరిగేసరికి పొద్దుటి ఎరుపు పోయింది. గ్లాకోమాకు చుక్కల మందు వేరే వాడుతున్నాను, ఈసారి డాక్టరు రాసిచ్చిందే. మాస్కు వాడుతున్నట్టు కంటి డాక్టరుకు చెప్పాను, మీరూ చెప్పండి. కొందరిలో దానివల్ల కంటి పీడనం కాస్త పెరగొచ్చు. రెండేళ్లుగా నా చూపు పరిధి ఇంకా తగ్గలేదు.

మనమంతా యాభై దాటినవాళ్లం, మన గురువులు డెబ్బై దాటినవాళ్లు. కళ్లద్దాల నంబరు చూపించుకుని వచ్చేయకండి. కంటి నరం కూడా చూడమని అడగండి. కళ్లు పొద్దున్నే ఎక్కువ బాధపెడుతుంటే మీ నిద్ర గురించి కూడా చెప్పండి. నిద్ర లేచేసరికి ఒక కంటికి నొప్పి లేకుండానే చూపు మసకబారితే మాత్రం మర్నాటి దాకా ఆగకండి, ఆ రోజే వెళ్లండి.

ఈ రాత్రి మనం మళ్లీ పాత తరగతి గదుల్లో, పక్కపక్కనే పడుకోబోతున్నాం. గురకలు తప్పవు. రికార్డు చేసుకోండి, నవ్వుకోండి. కాని గురక మధ్యలో ఆగితే సెకన్లు లెక్కపెట్టండి. పది దాటితే, తెల్లారాక అతణ్ణి పక్కకు పిలిచి చెప్పండి.