గోదావరి తీరపు వర్తకులు - వరద భీమా

వరద అనగానే మన తలంపు సముద్రతీరము మీదికి పోవును. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనయో, 2014 అక్టోబరులో విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానో జ్ఞాపకమునకు వచ్చును. సముద్రమునకు ఇంత దూరమున, దక్కను పీఠభూమిమీద నున్న కరీంనగరు, ఆదిలాబాదు సీమల వర్తకునకు వరద భీమాతో పని యేమి అని పలువురు మమ్ము అడుగుచుందురు.

ఈ ప్రశ్నకు మా కంటె కడెము వాగు చక్కగా సమాధానము చెప్పగలదు. 1958లో, నిర్మాణము సాగుచున్న కాలముననే, కడెము ఆనకట్ట మీదుగా వరద పొర్లి కట్ట తెగినది. 2022 జూలైలో అదే జలాశయములోనికి ఐదు లక్షల క్యూసెక్కుల మేర నీరు వచ్చిపడినది. 18 గేట్లలో ఒకటి లేవలేదు. దిగువ గ్రామముల వారిని ఉన్నపళమున ఖాళీ చేయింపవలసి వచ్చినది. ఆ దినములలోనే మంచిర్యాలలోను, మంథనిలోను నీరు వీధులకెక్కినది. అంతకు ముందటి యేడు జూలైలో నిర్మల్, సెప్టెంబరులో సిరిసిల్ల మునిగినవి. సిరిసిల్ల గోదావరి ఒడ్డున లేదు. అయినను కుండపోత వానకు, చెరువుల పొంగునకు పట్టణము జలమయమైనది. కావున నది దూరముగా నున్నదను ధైర్యము ఒక్కటే చాలదు.

భీమా కార్యాలయమునకు పోయి 'వరద పాలసీ' కావలెనన్నచో సామాన్యముగా అట్టిది దొరకదు. దానిని అగ్ని భీమాలో వెదకవలెను. నీటి నష్టమునకు నిప్పు పాలసీ యేమని నవ్వవచ్చును గాని, గాలివాన, తుపాను, వరద, ముంపు అనునవి చిరకాలముగా అగ్ని పాలసీతోనే కలిసి వచ్చుచున్నవి. 2021 ఏప్రిలు 1 నుండి చిన్న వ్యాపారములకు రెండు ప్రామాణిక పాలసీలు అమలులోనికి వచ్చినవి. ఒకే చోట నున్న ఆస్తి విలువ మొత్తము 5 కోట్ల రూపాయలు మించనిచో 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష'; అది దాటి 50 కోట్ల వరకు 'భారత్ లఘు ఉద్యమ్ సురక్ష'. మన కిరాణా దుకాణములు, బట్టల కొట్లు, నిర్మల్ బొమ్మల పనివారి కర్మశాలలు, సాంచాల షెడ్లు దాదాపు అన్నియు మొదటిదానిలో ఇమిడిపోవును. అంతకు మించిన పెద్ద సంస్థల పాలసీలో వరదను మినహాయించుకొని ప్రీమియం తగ్గించుకొను వీలు గలదు. ఆ వీలును వాడుకొనరాదని మా సలహా. వరద లేని పాలసీ వానకాలమున గొడుగు లేని కర్ర.

ఇక చిక్కులకు వత్తము. మొదటిది విలువను తగ్గించి వ్రాయించుట. బ్యాంకు అప్పు తీసుకొన్న వర్తకుడు 'భీమా బ్యాంకువారే చేయించినారు' అని నిశ్చింతగా నుండును. బ్యాంకు చూచుకొనునది తన అప్పునకు సరిపడు మొత్తమును. దుకాణములో 10 లక్షల సరుకు ఉండి, పాలసీ 4 లక్షలకే ఉన్నదనుకొందము. వరదలో 5 లక్షల సరుకు పాడైనది. పాలసీ మొత్తము 4 లక్షలు గదా, అంతయు వచ్చుననుకొనుట పొరపాటు. పదింట నాలుగు వంతులకే ప్రీమియం కట్టినారు గనుక, నష్టములోను పదింట నాలుగు వంతులే, అనగా 2 లక్షలే, లెక్కకు వచ్చును. పైన చెప్పిన రెండు పాలసీలలో లోటు 15 శాతము మించనిచో దానిని పాటింపరు; మించినచో ఈ లెక్క తప్పదు. వచ్చిన 2 లక్షలలోను మొదటి హక్కు బ్యాంకుది. దసరాకు సరుకు నింపుకొనునపుడు పాలసీ మొత్తమును పెంచుకొనని వర్తకులే ఎక్కువ.

రెండవది సరుకు ఎవరిదను ప్రశ్న. మన ప్రాంతమునకు ఇది మిక్కిలి ముఖ్యము. సిరిసిల్లలో ఆసామి షెడ్డులోని సాంచాలు ఆసామివి. వానిమీది నూలు, నేసిన బట్ట తరచుగా యజమానివి. షెడ్డులోనికి నీరు చొచ్చి బీములు తడిసినపుడు, ఆసామి పాలసీలో సాంచాలు మాత్రమే వ్రాసియుండును. యజమాని పాలసీలో అతని గోదాము చిరునామా మాత్రమే యుండును. నూలునకు దిక్కు లేదు! తుదకు ఆ నష్టము బలహీనుడగు ఆసామి కూలిలో కోతగా తేలును. ధాన్యము మిల్లులలోను ఇట్లే: మర పట్టించుటకు వచ్చిన ప్రభుత్వ ధాన్యము మిల్లరుది కాదు. పరుల సరుకు తన అధీనములో నున్నదని పాలసీలో స్పష్టముగా వ్రాయింపవలెను. సరుకు నిలువయుండు ప్రతి గోదాము చిరునామాయు అందు ఉండవలెను. ప్రత్తి ధర కొరకు వేచి బేళ్లను వేరొకరి కొట్టములో పెట్టుకొను వారు దీనిని మరువరాదు.

ఈ పాలసీలు వస్తు నష్టమునకే. బురద ఎత్తిపోయుటకు కొంత హద్దు వరకు ఖర్చు ఇత్తురు గాని, దుకాణము నెలదినములు మూతపడినందున పోయిన రాబడికి వేరుగా పాలసీ తీసుకొనవలెను. సరుకు మోయు ఆటోకు మూడవ వ్యక్తి భీమా మాత్రమే యున్నచో ముంపు నష్టము రాదు. మునిగిన బండిని పరీక్షింపక స్టార్టు చేసి ఇంజను చెడగొట్టుకొన్నచో వివాదము తప్పదు.

నీరు తీసిన పిమ్మట తొందరపడి సరుకును పారవేయరాదు. ముందు గోడమీది నీటి గుర్తుతో సహా ఫొటోలు తీసి, కంపెనీకి వెంటనే వ్రాతమూలకముగా తెలుపవలెను. తడవని దానిని వేరుచేసి కాపాడుట కూడ పాలసీదారుని బాధ్యతయే. సర్వేయరు కొనుగోలు బిల్లులు, జి.ఎస్.టి. లెక్కలు, బ్యాంకునకు ఇచ్చిన నిలువ పట్టికలు అడుగును. ఇచట ఒక మాట మొగమాటము లేక చెప్పెదము: పన్ను లెక్కలో కనబడని సరుకు వరద లెక్కలోను కనబడదు. మేమెరిగిన బట్టల వర్తకుడొకడు పాలసీని, బిల్లులను గల్లాపెట్టె అడుగు అరలో భద్రపరచినాడు. దుకాణములో మొదట తడిసినది ఆ అరయే.

క్లెయిము తిరస్కరించినను, తగ్గించినను ముందు కంపెనీకే ఫిర్యాదు వ్రాయవలెను. ఒక నెలలో సమాధానము రానిచో, వచ్చినది తృప్తికరముగా లేనిచో, హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. సొంత పేర వ్యాపారము చేయువారికి, సూక్ష్మ సంస్థలకు ఈ వీలు గలదు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ సమాధానమిచ్చిన ఏడాదిలోపల విన్నపము చేరవలెను.

పాలసీ గడువు వానకాలము నడుమ ముగియుచున్నదేమో ఇప్పుడే చూచుకొనుడు. ప్రీమియం చెల్లించి, కంపెనీ అంగీకరించిన పిమ్మటనే రక్షణ మొదలగును. కడెము గేట్లెత్తినారను వార్త విని పరుగెత్తిన వానికి ఆనాడు పాలసీ దొరకకపోవచ్చును.